ఆదాయమేది? అది ఎవరిది?

కవిసార్వభౌముడు శ్రీనాథుడు చరమదశలో కృష్ణాతీరమందలి బొడ్డుపల్లెలో భూములను గుత్తకు తీసికొని సేద్యము చేయించెననియు, పైరు వరదపాలు కాగా ఏడునూరుల టంకముల శిస్తు చెల్లింపజాలక రాజోద్యోగులచే నలుగురిలో శిక్షింపబడెననియు చాటుపద్య సంప్రదాయము చెప్పుచున్నది. అందు చరిత్ర యెంతయో, కల్పన యెంతయో పండితులు తేల్చవలసినదే. కాని కనకాభిషేకమందిన మహాకవి భుజముపై రాతిగుండు మోసెనను మాట విన్నంతనే తెలుగువాని మనసు చివుక్కుమనును. ఆదాయపు పన్నును బోధించు ఆచార్యునకు మాత్రము ఆ కథలో వేరొక సంగతి కూడ కనబడును. నాడు శ్రీనాథుని అడిగినది ఆయన ఆదాయములో భాగము కాదు. ముందుగా నిర్ణయించిన మొత్తము. పంట పండినను, ఏరు పొంగి పొలమును ముంచినను ఆ ఏడునూరులు చెల్లవలసినవే. ఆదాయపు పన్ను అట్టిది కాదు. రాబడి లేనిచోట అది కాలు మోపదు. శిస్తునకును ఆదాయపు పన్నునకును గల ఈ భేదమును ఒక తరగతికి బోధపరచుటకు బొడ్డుపల్లె కథను మించిన ఉదాహరణము లేదు.

"మరి నేటి చట్టము ప్రకారము ఆ నష్టమునకు గతి యేమి?" అని తరగతిలో ప్రశ్న వేసినచో చురుకైన విద్యార్థి వెంటనే లేచి, వ్యాపారనష్టమును ఎనిమిది సంవత్సరముల వరకు ముందునకు తీసికొనిపోయి రాబోవు లాభములనుండి తగ్గించుకొనవచ్చునని చెప్పును. అది కంఠస్థము చేసిన సమాధానము, ఇక్కడ చెల్లదు. సేద్యపు రాబడికి కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు. పన్ను లేని రాబడికి సంబంధించిన నష్టమును పన్ను గల రాబడినుండి తగ్గించుకొనుటకు వీలు లేదు. కవిగారు రాజాస్థానమునుండి జీతమే అందుకొనుచుండినను, బొడ్డుపల్లె నష్టమును ఆ జీతములో కలిపి చూపుటకు చట్టము అంగీకరింపదు. విద్యార్థి తెల్లబోవును. ఆ తెల్లబోవుటతోనే చదువు ఆరంభమగును.

ఆదాయపు పన్ను అను పత్రము మన విశ్వవిద్యాలయములలో బి.కాం. విద్యార్థులకు చిరపరిచితము. న్యాయశాస్త్ర విద్యార్థులకు పన్నుల చట్టసూత్రములు తప్పనిసరి పాఠ్యాంశము. పైతరగతులలో కంపెనీల పన్నులును, పన్ను ప్రణాళికయు వచ్చి చేరును. జీతములు, గృహములవలన వచ్చు ఆదాయము, వ్యాపార వృత్తుల లాభములు, మూలధన లాభములు, ఇతర మార్గముల ఆదాయము అను అయిదు శీర్షికలు పలుకని విద్యార్థి ఉండడు. పరీక్షలో వచ్చు లెక్కయు ఇంచుమించు ఒకే అచ్చులో పోతపోసినట్లుండును. ఒక ఉద్యోగికి జీతమింత, కరవుభత్యమింత, ఇంటి అద్దె భత్యమింత, ఆయన చెల్లించు అద్దె ఇంత; పన్ను విధింపదగిన ఆదాయమును కనుగొనుము. అద్దె భత్యమునకు మూడు మొత్తములు వేసి వానిలో తక్కువదానిని గ్రహింపవలెను. ఆ మూడు మొత్తములే యెందుకు, తక్కువదియే యెందుకు అని అడుగు తీరిక విద్యార్థికి ఉండదు, చెప్పు తీరిక అధ్యాపకునకు ఉండదు. గత పదేండ్ల ప్రశ్నపత్రములు తిరుగవేసినచో గట్టెక్కవచ్చును. ఇట్లు ఒక మహాశాస్త్రము కూడికలు తీసివేతలుగా మిగిలిపోయినది.

ఈ పద్ధతికి 2025లో గట్టి దెబ్బ తగిలినది. 1961నాటి ఆదాయపు పన్ను చట్టము 1962 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చి, ఏటేటి ఫైనాన్సు చట్టముల సవరణలతో మర్రిచెట్టువలె ఊడలు దింపినది. పేరునకు దాని చివరి సెక్షను 298. అంకెల నడుమ అక్షరములు తగిలించి చేర్చిన సెక్షనులతో కలిపి లెక్కించినచో ఎనిమిది వందలు దాటును. దాని స్థానమున పార్లమెంటు 2025 ఆగస్టులో క్రొత్త చట్టమును ఆమోదించినది: 536 సెక్షనులు, 23 అధ్యాయములు, 16 అనుబంధములు, 2026 ఏప్రిల్ 1 నుండి అమలు. జీవితబీమా ప్రీమియము కట్టు ప్రతి గుమాస్తా నోటను నానిన ఎనుబది-సి సెక్షను 123వ సెక్షనుగా మారినది. తరతరముల విద్యార్థులను తికమకపెట్టిన 'గత సంవత్సరము', 'మదింపు సంవత్సరము' అను జంట తొలగి, 'పన్ను సంవత్సరము' అను ఒక్క మాట వచ్చినది.

2024లో బి.కాం.లో చేరిన బాలుని స్థితి ఆలోచింపదగినది. అతడు నేర్చినది ఒక చట్టము. పట్టము పుచ్చుకొని ఆడిటరు కార్యాలయములో అడుగుపెట్టునాటికి అక్కడ నడుచునది వేరొక చట్టము. తండ్రి పొలము తాకట్టు పెట్టి చదివించినచో, ఆ బాలుడు సెక్షనుల అంకెలు తప్ప మరేమియు నేర్వకున్నచో, ఆ డబ్బు ఏటిపాలైనట్లే. అంకెల వెనుకనున్న ఆలోచనను నేర్చినవానికి మాత్రము ఒక వారము శ్రమ తప్ప నష్టము లేదు. ఏలయన 1860 నుండి నేటి వరకు ఎన్ని చట్టములు వచ్చినను పన్ను శాస్త్రము అడుగు ప్రశ్నలు ముఖ్యముగా రెండే: ఆదాయమేది? అది ఎవరిది?

మొదటి ప్రశ్న చూచుటకు తేలిక. కాని చట్టమే దానికి పూర్తి నిర్వచనము నీయదు; ఫలానా ఫలానావి కూడ ఆదాయములోనికి వచ్చునని జాబితా చెప్పి ఊరకుండును. 1932లో షా వాలెస్ కంపెనీ వ్యాజ్యములో ప్రీవీ కౌన్సిలు న్యాయమూర్తులు ఒక కొలత చెప్పిరి. నిశ్చితమైన మూలమునుండి క్రమముగా వచ్చు ప్రతిఫలమే ఆదాయమనియు, చెట్టునకు కాయ యెట్లో మూలమునకు ఆదాయము అట్లే అనియు దాని సారాంశము. ఏజెన్సీ రద్దయినందుకు ఆ కంపెనీకి వచ్చిన పరిహారము కాయ కాదు, నరికిన చెట్టునకు వెల అని తేల్చి దానికి పన్ను లేదనిరి. కోనసీమ విద్యార్థికి ఈ పోలిక ఒక్క నిమిషములో పట్టువడును. టెంకాయల నమ్మిన డబ్బు ఒకటి, తోటనే అమ్మిన డబ్బు వేరొకటి.

అయితే చెట్టు వెల పెరిగినప్పుడు ఆ పెరుగుదల ఆదాయము కాదా? ఆంగ్లేయుల చట్టము చాలకాలము కాదన్నది. 1947 బడ్జెటులో మూలధన లాభములపై పన్ను తొలిసారి వచ్చెను. స్వాతంత్ర్యానంతరము కొద్దికాలములోనే తొలగెను. 1956లో తిరిగి వచ్చి నిలిచెను. అనగా ఆదాయమనునది గనిలో దొరకు ఖనిజమువంటిది కాదు. ఏది ఆదాయమో ఒక కాలమున ఒక సమాజము నిశ్చయించుకొనును. ఈ ఒక్క సంగతి విద్యార్థి మనసుకు ఎక్కినచో, చట్టము మారినప్పుడు అతడు బెదరడు; ఎందుకు మారినదని అడుగును.

తెలుగునేలపైననే దీనికి మంచి నిదర్శనము గలదు. అమరావతి రాజధానికై రైతులు తమ పొలములను సమీకరణ పథకము క్రింద ఒప్పగించి, బదులుగా అభివృద్ధి చేసిన స్థలములు పొందుటకు ఒడంబడిరి. రైతునకు చేతికి రొక్కము రాలేదు. భూమి పోయి, కొంతకాలమునకు వేరొక భూమి వచ్చును. అది అమ్మకమా? మార్పిడియైనను చట్టము దృష్టిలో బదలాయింపే. లాభమున్నచో పన్ను ఉండవచ్చును. పొలములు వ్యవసాయభూములు కదా యందురా? పట్టణములకు నిర్ణీత దూరములోనున్న వ్యవసాయభూమికి ఆ రక్షణ లేదు. ఆ చిక్కును విప్పుటకై 2017 ఫైనాన్సు చట్టములో ప్రత్యేకముగా ఒక ఉపవాక్యము చేర్చి, 2014 జూన్ 2వ తేదీనాటికి ఆ భూములకు యజమానులైన వ్యక్తులకును, అవిభక్త కుటుంబములకును మినహాయింపు నిచ్చిరి. ఆ తేదీ యేల? ఆంధ్రప్రదేశ్ విభజన జరిగిన దినమది. అటుపిమ్మట లాభాపేక్షతో పొలము కొన్నవాడు వేరు, తాతనాటి పొలము దున్నుకొనుచున్నవాడు వేరు అని చట్టము గీత గీసినది. గుంటూరు విద్యార్థికి మూలధన లాభముల అధ్యాయమును ఇక్కడనుండి చెప్పినచో నిద్ర రాదు.

రెండవ ప్రశ్న మరింత లోతైనది. ఆదాయము ఎవరిది? చట్టము పన్ను విధించునది మనుష్యుని మీద కాదు, 'వ్యక్తి' మీద. ఆ మాటలో మనుష్యుడు, హిందూ అవిభక్త కుటుంబము, కంపెనీ, భాగస్వామ్య సంస్థ, వ్యక్తుల కూటమి, స్థానిక సంస్థ, తక్కిన కృత్రిమ న్యాయవ్యక్తులు అని ఏడు విధములు ఇమిడియున్నవి. దేవుడు కూడ ఇందులో చేరెను. హైందవ దేవతామూర్తి న్యాయవ్యక్తియే గనుక ఆ మూర్తి ఆదాయమునకు పన్ను మదింపు చేయవచ్చునని సుప్రీంకోర్టు 1969లో తీర్పు చెప్పినది. ధర్మకార్యములకు వేరుగా మినహాయింపులుండుట వేరు సంగతి. దేవుడు భక్తుల ఆదరమునకే గాక పన్ను అధికారి లెక్కకును పాత్రుడని విని తరగతి నవ్వును. నవ్విన తరువాత, రాతివిగ్రహము వ్యక్తి కాగలిగినప్పుడు కాగితముపై పుట్టిన కంపెనీ వ్యక్తి కాలేదా అని అడిగినచో నవ్వు ఆగును.

భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న కథయు ఈ సందర్భమున అక్కరకు వచ్చును. తహశీలుదారుగా వసూలు చేసిన పైకమును ఆయన రామాలయమునకు వినియోగించి గోలకొండ చెరసాల పాలయ్యెనని ప్రతీతి. భక్తుల తీర్పు ఆయన పక్షమే, అందు తప్పులేదు. కాని ఆ పైకము గోపన్నది కాదు, వసూలు చేసిన క్షణమునుండియు ప్రభుత్వముదే. నేడు ఉద్యోగి జీతమునుండి పన్ను మినహాయించి ఖజానాకు జమకట్టని యజమాని చేయునదియు ఇదియే, భక్తి ఒక్కటి తప్ప. 1961 చట్టపు 276-బి సెక్షను అట్టివానికి మూడు నెలల నుండి ఏడేండ్ల వరకు కఠిన కారాగారమును నిర్దేశించినది. పన్ను ఎగవేసిన దానికంటె, పరుల పన్ను చేతిలో ఉంచుకొనుట యెందుకంత దోషమో ఈ కథ చెప్పినంత చక్కగా ఏ వ్యాఖ్యానమును చెప్పజాలదు.

ఈ రెండు ప్రశ్నలను ప్రభుత్వము మన దేశమున చట్టముగా అడుగుట 1860లో ఆరంభమయ్యెను. 1857 తిరుగుబాటు నణచుటకైన వ్యయముతో ఖజానా క్రుంగియుండగా, జేమ్స్ విల్సన్ అను ఆర్థికవేత్త ఇంగ్లండునుండి వచ్చి ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. ఏడాదికి 200 రూపాయల రాబడి గలవాడును దానికి లోబడెను. అప్పటి మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్ దానిని తీవ్రముగా వ్యతిరేకించి, తన అభిప్రాయమును పత్రికలకెక్కించెను. ప్రభుత్వము కోపించి ఆయనను వెనుకకు పిలిపించెను. అదే యేడు విల్సన్ కలకత్తాలో మరణించెను. విచిత్రమేమనగా కొన్నియేండ్లకు ట్రెవెల్యనే దేశపు ఆర్థిక సభ్యుడై తిరిగివచ్చెను. 1865లో ఆ పన్ను గడువు తీరి అంతరించెను. నాటకమునకు పనికివచ్చు ఈ వృత్తాంతము పాఠ్యగ్రంథములలో ఒక పంక్తికి మించి కానరాదు.

పన్ను మరల వచ్చి, 1886 చట్టముతో కుదుటపడెను. సేద్యపు రాబడిని మినహాయించినది ఆ చట్టమే. భూమి ఇదివరకే శిస్తు మోయుచున్నది గదా యని ఒక సమర్థన. నాటి శిస్తు భారము నేడు లేదు. మినహాయింపు మాత్రము నిలిచియున్నది. సేద్యపు ఆదాయముపై పన్ను వేయు అధికారమును రాజ్యాంగము రాష్ట్రములకు అప్పగించినది. నూరెకరముల ద్రాక్షతోట యజమానియు, రెండెకరముల మెట్టరైతును ఒకే గొడుగు క్రింద నిలుచుట న్యాయమా అని తరగతిలో ఎవడైన అడిగినచో, ఆ గంటలో వేరు పాఠము సాగదు. సాగనక్కరలేదు కూడ.

పన్ను రేట్ల కథ త్వరగా చెప్పుకొనదగినది, ఏలయన రేట్లు నిలుకడలేనివి. కేంబ్రిడ్జి ఆచార్యుడు నికొలస్ కాల్డర్ 1956లో భారత పన్నులను పరిశీలించి నివేదిక నిచ్చెను. దరిమిలా 1957లో సంపద పన్ను, వ్యయపు పన్ను, 1958లో కానుకల పన్ను చట్టములైనవి. నేడు మూడును లేవు. వ్యయపు పన్ను 1960 దశకములోనే పోయెను. కానుకల పన్ను 1998లోను, సంపద పన్ను 2015లోను తొలగినవి. 1973-74 నాటికి ఆదాయపు పన్ను శిఖరము 85 శాతము, దానిపై 15 శాతము సర్‌ఛార్జి. వెరసి నూటికి 97 రూపాయల 75 పైసలు. పై అంతస్తులో సంపాదించిన నూరు రూపాయలలో సంపాదకునికి మిగులునది రెండుంబావు. అట్టి రేటు ఎవరు కట్టుదురు? కట్టువారు కొద్దిమంది, దాచువారు పెక్కుమంది. వాంఛూ సంఘము 1971లోనే నల్లధనమునకు అధికరేట్లు ఒక హేతువని హెచ్చరించినది. 1997 నాటికి వ్యక్తుల రేట్లు 10, 20, 30 శాతములకు దిగినవి. విద్యార్థి రేట్లను బల్లమీది కాగితమున చూచుకొనవచ్చును. రేటు మారినప్పుడు మనుష్యుడెట్లు మారునో తలలో ఉంచుకొనవలెను.

కంపెనీల దగ్గరకు వచ్చునప్పటికి చదువు నిజముగా రుచి ఎక్కును. సోలమన్ అను తోలు వర్తకుడు లండనులో తన బూట్ల వ్యాపారమును తానే నెలకొల్పిన కంపెనీకి అమ్మెను. వాటాలు 20,007; అందు 20,001 తనవి, భార్యాపిల్లలవి ఆరు. కంపెనీ దివాలా తీయగా అప్పులవారు సోలమనుపై పడిరి. 1897లో ఇంగ్లండు ప్రభువుల సభ, కంపెనీ వేరు, సోలమను వేరు అని తీర్మానించినది. పరకాయప్రవేశ కథలు విని పెరిగిన మనవారికి ఒకే మనుష్యునకు రెండు దేహములుండుట క్రొత్త కాదు. కాని రెండు దేహములకును రెండు పన్నులు పడునన్నదే ఇందలి మెలిక.

కంపెనీకి నూరు రూపాయల లాభము వచ్చినదనుకొందము. లెక్క తేలికకై కంపెనీ పన్ను 25 రూపాయలు. మిగిలిన 75ను వాటాదారునకు డివిడెండుగా పంచినచో, అతడు 30 శాతపు అంతస్తులోనివాడైనచో, మరి 22 రూపాయల 50 పైసలు కట్టవలెను. అతనికి దక్కినది 52 రూపాయల 50 పైసలు. ఇదే వ్యాపారమును స్వయముగా చేసియున్నచో 70 దక్కెడివి. ఇది ఒకే ఆదాయముపై రెండుసార్లు పన్నా, లేక ఇద్దరు వ్యక్తుల రెండు ఆదాయములపై చెరియొక పన్నా? జవాబు సోలమనును ఎంతవరకు నమ్మితిరన్న దానిపై ఆధారపడును.

మన చట్టము ఈ ప్రశ్నకు ఒకే సమాధానము చెప్పలేదు. 1922 చట్టము క్రింద కంపెనీ కట్టిన పన్నును వాటాదారుని పక్షమున కట్టినట్లుగా భావించి అతనికి జమ నిచ్చెడివారు. 1959లో ఆ ఏర్పాటు పోయెను. 1997లో డివిడెండు పన్నును కంపెనీయే కట్టవలెననిరి, వాటాదారుని విడిచిరి. అందువలన ధనికుడైన వాటాదారుడును, పింఛనుతో బ్రతుకు వాటాదారుడును ఒకే రేటు భారము మోసినట్లయినది. 2020లో దానిని రద్దుచేసి మరల వాటాదారుని చేతికే పన్నును మార్చిరి. అరువదేండ్లలో చక్రము తిరిగి తిరిగి వచ్చినది. ఈ నాలుగు మజిలీలను వరుసగా బోధించు పాఠము కంపెనీ పన్నుపై ఏ గ్రంథమునకును తీసిపోదు. తుది మజిలీ మాత్రమే బోధించు పాఠము మరునాటి బడ్జెటుతో పాతబడును.

సుప్రీంకోర్టు గజ్దర్ వ్యాజ్యములో చెప్పిన తీర్పు దీనికి తోడు. 1955 నాటి న్యాయనివేదికలలో అది ప్రచురితమైనది. తేయాకు కంపెనీల ఆదాయములో నూటికి 60 పాళ్లు సేద్యపుదిగా, 40 పాళ్లు వ్యాపారపుదిగా పరిగణింపబడును. ఒక వాటాదారురాలు, తనకు వచ్చిన డివిడెండులోను 60 పాళ్లు సేద్యపు రాబడియే గనుక పన్ను వలదని వాదించినది. వాదము వినుటకు ఎంత సొగసుగా నున్నది! న్యాయస్థానము కాదన్నది. తోట కంపెనీది, వాటాదారురాలికి భూమితో సంబంధము లేదు, కంపెనీలో పెట్టిన పెట్టుబడితోనే సంబంధము. తేయాకు డివిడెండుగా మారినప్పుడు దాని ఆకుపచ్చదనము పోయినది. మొదటి ప్రశ్నయు రెండవ ప్రశ్నయు ఒకే ముడిలో కలిసిన వ్యాజ్యమిది.

కంపెనీలకు మరియొక వింత గలదు. వాటాదారులకు చూపు లెక్కలో ఘనమైన లాభము. పన్ను అధికారికి చూపు లెక్కలో సున్న. ఇందు మోసమే ఉండనక్కరలేదు. యంత్రముల అరుగుదలకు చట్టమిచ్చు తగ్గింపు పుస్తకములలోని తగ్గింపుకంటె హెచ్చుగా నుండును. ప్రోత్సాహపు రాయితీలు వేరు. ఇట్లు లాభములు పంచుచు పన్ను కట్టని కంపెనీలు పెక్కు కాగా, 1987 ఫైనాన్సు చట్టము పుస్తకలాభములో 30 శాతమును కనీస ఆదాయముగా ఎంచి పన్ను వేసెను. నడుమ కొంతకాలము ఆగినను ఆ ఆలోచన కనీస ప్రత్యామ్నాయ పన్ను అను పేర మరల వచ్చి పాతుకొన్నది. గణకశాస్త్రపు లాభమును పన్ను శాస్త్రపు లాభమును ఒకటి కావని విద్యార్థి రెండు తరగతులలో వేరువేరుగా వినును. ఆ రెండింటిని ఎదురెదురుగా నిలిపి చూపువారు అరుదు.

పన్ను తగ్గించుకొనుట తప్పా? ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టర్ ప్రభువు తన తోటమాలికిచ్చు పైకమును జీతముగా గాక ఒడంబడిక పత్రము క్రింద చెల్లింపుగా వ్రాయించి పన్ను తగ్గించుకొనగా, 1935లో ప్రభువుల సభ దానిని ఆమోదించినది. మన దేశమున 1985లో మెక్‌డవెల్ వ్యాజ్యము వచ్చినది. హైదరాబాదు వాణిజ్య పన్నుల అధికారికిని ఆ మద్యపు కంపెనీకిని జరిగిన వివాదమది. అమ్మకపు పన్నుకు సంబంధించినదైనను దాని నీడ ఆదాయపు పన్ను మీదను పడినది. అందు తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి వేరుగా వ్రాసిన తీర్పులో వెస్ట్‌మినిస్టర్ సూత్రమునకు వీడ్కోలు చెప్పవలసిన కాలము వచ్చినదని భావించిరి. కృత్రిమమైన ఎత్తులవలన తప్పించుకొన్నవాని భారము నిజాయితీపరుని భుజముపై పడునన్నది ఆయన ఆవేదన. 2012లో వొడాఫోన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ మాటలకు హద్దులు గీచినది: న్యాయమైన ప్రణాళిక వేరు, బూటకపు ఏర్పాటు వేరు. కేమన్ దీవులలోని కంపెనీ వాటా చేతులు మారుటవలన భారతదేశమున పన్ను పడదన్నది. ప్రభుత్వము అదే యేడు 1962 నుండి వర్తించునట్లుగా చట్టము సవరించినది. 2021లో ఆ వెనుకటి వర్తింపును వదలుకొన్నది. గెలిచినవాని విజయమును చట్టము వెనుకకు పోయి తుడిచివేయవచ్చునా? వాణిజ్యశాఖ తరగతిలోనే కాదు, రాజనీతి తరగతిలోను చర్చింపదగిన ప్రశ్న. ఆ రెండు శాఖల నడుమ మన కళాశాలలలో గోడ మాత్రము గట్టిగా కట్టియున్నారు.

తెలుగుమాధ్యమపు విద్యార్థికి వేరొక కష్టము. ఆంగ్లచట్టమందలి ఒక్కొక్క వాక్యము, 'ఇందులో మరియెచ్చటనైనను ఏమి చెప్పబడియున్నప్పటికిని' అను ధోరణిలో మొదలై, షరతుకు షరతు తగిలించుకొని, పుట చివర కాని ఆగదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను తెలుగున వెలువరించి మేలు చేసినది. కాని పారిభాషిక పదములు కొన్ని మూలముకంటె కఠినముగా నున్నవనుట నిందకాదు. మనకు రెవెన్యూ వ్యవహారమున వందలయేండ్లుగా నలిగిన మాటలున్నవి: మదింపు, జమాబందీ, బకాయి, రాయితీ, వసూలు, పద్దు. 'మదింపు' అనగానే గ్రామీణ విద్యార్థికి కరణముగారి కవిలెకట్ట కంటికి కనబడును. అట్టి మాటలున్నచోట సంస్కృతసమాసమును క్రొత్తగా చెక్కనేల? జనము కంపెనీ, డివిడెండు, రిటర్ను అను మాటలను ఎప్పుడో తమవి చేసికొనిరి. వానిని అట్లే ఉంచుట మేలు.

ఈ చదువు మారవలెనన్నచో ముందుగా మారవలసినది ప్రశ్నపత్రము. అంకెలు తక్కువగా, ఆలోచన ఎక్కువగా గల ప్రశ్నలు కష్టమేమియు కావు. మన ఇండ్లలోనే దొరకును. అమెరికాలోనున్న కుమారుడు పది లక్షల రూపాయలు పంపి స్వగ్రామములోని తల్లి పేరిట బ్యాంకులో డిపాజిటు చేయించెను. వడ్డీ ఎవరి ఆదాయము? తల్లిదే, ఆమె మొత్తము రాబడి స్వల్పమైనచో పన్నే లేదు. అదే పది లక్షలను హైదరాబాదులోనున్న భార్యకు ఊరకే ఇచ్చి ఆమె పేరిట డిపాజిటు చేయించెను. ఇప్పుడు వడ్డీ భర్త ఆదాయములో కలియును. ఇచ్చినవాడొకడే, సొమ్మొకటే, బ్యాంకొకటే. తల్లి వేరు వ్యక్తి అయినది, భార్య కాలేదు. ఇక ఆ వడ్డీని భార్య కూడబెట్టి వేరొక డిపాజిటు వేసినచో దానిపై వచ్చు వడ్డీ మాత్రము ఆమెదే యగును, భర్తది కాదు. చట్టము ఏమి ఊహించి ఈ మూడు గీతలను గీసినదో వ్రాయుమని అడిగిన ప్రశ్నకు సెక్షను సంఖ్య తెలిసినను తెలియకున్నను జవాబు వ్రాయవచ్చును. భార్యాభర్తల సొమ్ము ఒకటియేనని నమ్మిన విద్యార్థి ఒక విధముగా వ్రాయును. వేరువేరని నమ్మిన విద్యార్థిని మరియొక విధముగా వ్రాయును. పేపరు దిద్దు ఆచార్యుడు ఇద్దరికిని మార్కులు వేయవలసి వచ్చును.